ఋషికొండ దగ్గర కనిపించిన ఆకుపచ్చ వెలుగు ఉల్కేనా? నిజంగా సముద్రంలో పడిందా?

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు దాని సారం చెప్పేస్తాను. నవంబరు రెండో వారం, రాత్రి 9.40 ప్రాంతం. ఋషికొండ బీచ్ రోడ్డు పక్కన బండి ఆపి మీరూ మీ తమ్ముడూ నిలబడ్డారు. సముద్రం వైపు, ఆకాశంలో సగం ఎత్తు నుంచి ఆకుపచ్చటి వెలుగు కిందికి జారింది. నాలుగైదు సెకన్లు కనిపించింది. ఇసుక మీద మీ నీడలు పడ్డాయి. చివర్లో నారింజ రంగుకి తిరిగి, రెండు ముక్కలై ఆరిపోయింది. రెండు మూడు నిమిషాల తర్వాత దూరంగా ధభ్‌మన్నట్టు అనిపించింది. పది కిలోమీటర్ల అవతల సముద్రంలో పడి ఉంటుందని మీ అంచనా. అపార్ట్‌మెంట్ గ్రూపులో సగం మంది మిసైల్ అంటున్నారు, సగం మంది శాటిలైట్ కూలిందంటున్నారు. ఇంట్లో అమ్మమ్మగారు అరిష్టమని దిగులు పడుతున్నారు. ఇది ఏమిటి, ఎవరికి చెప్పాలి అని అడిగారు.

మీరు చూసింది ఉల్క. అందులో నాకు దాదాపు సందేహం లేదు. అయితే అది పది కిలోమీటర్ల దూరంలో పడలేదు. ఆ చప్పుడు కూడా దానిది అయ్యే అవకాశం చాలా తక్కువ. ఈ రెండూ ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తాను. అంతకంటే ముఖ్యంగా, మీ జ్ఞాపకం చెదరకముందే, అంటే ఈ వారంలోనే, మీరు చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని దయచేసి వాయిదా వేయకండి.

ముందు గ్రూపులో వచ్చిన అనుమానాల సంగతి. ఉల్కని మిగతావాటి నుంచి విడదీసేది వేగం. ఉల్కలు సెకనుకి 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొస్తాయి. కక్ష్యలోంచి కూలే శాటిలైట్లూ రాకెట్ ముక్కలూ 8 కిలోమీటర్లకి మించవు. పైగా చాలా ఏటవాలుగా, దాదాపు నేలకి సమాంతరంగా వస్తాయి. అందుకే అవి నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు, ముక్కలు ముక్కలుగా వరుసకట్టి తీరిగ్గా ఆకాశం దాటుతాయి. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్రలో జనం చూసింది అదే. చైనా రాకెట్ భాగం ఒకటి మండుతూ వెళ్ళింది, చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు నేల మీద దొరికింది. ఆ వీడియోలు చూసి మీ నాలుగైదు సెకన్ల అనుభవంతో పోల్చుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

శ్రీహరికోట రాకెట్ అయితే మనకి నైరుతి వైపు కనబడాలి. అక్కడికి సుమారు 550 కిలోమీటర్లు. భూమి వంపు వల్ల ఆ రాకెట్ పాతిక కిలోమీటర్ల ఎత్తుకి చేరేదాకా విశాఖ నుంచి అసలు కనబడదు. కనబడ్డాక కూడా నిమిషాల తరబడి పైకి, పక్కకి సాగుతుంది. మిసైల్ పరీక్షలు ఒడిశా తీరంలో, అబ్దుల్ కలాం ద్వీపం దగ్గర జరుగుతాయి. అది మనకి ఈశాన్యం. 2022 డిసెంబరు 15న అక్కడి నుంచి అగ్ని-5ని రాత్రి పూట పరీక్షించినప్పుడు బెంగాల్‌లో జనం ఇలాగే హడావిడి పడ్డారు. అదీ సాగిసాగి వెళ్ళే వెలుగే. మీరేమో తూర్పు-ఆగ్నేయంగా, కిందికి, క్షణాల్లో అయిపోయిందని రాశారు. ఇక మన ఊళ్ళో నేవీ ఉంది కాబట్టి ఫ్లేర్ అని కూడా ఎవరో అన్నారు. ఓడలు ప్రమాదంలో వదిలే పారాచూట్ ఫ్లేర్ ఎర్రగా ఉంటుంది, నలభై సెకన్ల పాటు మండుతూ నెమ్మదిగా దిగుతుంది. నీడ పడేంత వెలుగుతో నాలుగు సెకన్లలో ఆకాశం కోసుకుంటూ రాదు.

ఆకుపచ్చ రంగు దేనివల్ల అని అడిగారు. ఉల్క గాలితో రాసుకుని మండుతుందని స్కూల్లో చదువుకున్నాం. అసలు జరిగేది వేరు. అంత వేగానికి ముందున్న గాలి పక్కకి తప్పుకునే వ్యవధి లేక నొక్కుకుపోతుంది, ఆ ఒత్తిడికే వేల డిగ్రీలకి వేడెక్కుతుంది. ఆ వేడికి రాయి పైపొర ఆవిరైపోతుంది. మనం చూసేది రాయిని కాదు, ఆ ఆవిరినీ గాలినీ. రాతిలోని మెగ్నీషియం ఆకుపచ్చ, నీలి-ఆకుపచ్చ వెలుగునిస్తుంది, సోడియం పసుపు-నారింజ ఇస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కూడా కొంత ఆకుపచ్చని కలుపుతుంది. చివర్లో వేగం తగ్గి చల్లబడే కొద్దీ రంగు నారింజకీ ఎరుపుకీ తిరగడం మామూలే. మీరు ఎవరి దగ్గరా వినకుండానే ఆ క్రమం సరిగ్గా రాశారు. మీ మాట నమ్మడానికి నాకు అదొక పెద్ద కారణం.

ఇంత వెలుగిచ్చిన రాయి ఎంతుంటుందో అని చాలామంది అడుగుతారు. మహా అయితే కొబ్బరికాయంత. సెకనుకి 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఒక్క కిలో రాయిలో దాదాపు 48 కిలోల టీఎన్‌టీ పేలుడుకి సమానమైన శక్తి ఉంటుంది. ఆ శక్తంతా నాలుగు సెకన్లలో ఖర్చవుతుంది. వెలుగంతా అక్కడి నుంచే వచ్చింది. శుక్రగ్రహం కంటే ఎక్కువ వెలిగే ఉల్కల్ని ఫైర్‌బాల్ అంటారు. మీది ఆ హద్దు ఎప్పుడో దాటేసింది.

నవంబరు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది వృషభరాశి ఉల్కలు, టారిడ్లు. ఎన్కే అనే తోకచుక్క వదిలిన ధూళీ రాళ్ళూ ఇవి. ఆ తోకచుక్క 3.3 ఏళ్ళకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది. టారిడ్లు గంటకి ఐదు కనబడటమే గొప్ప. అందుకే పత్రికల్లో వీటి గురించి, ఆగస్టులో వచ్చే పెర్సీడ్లనే ఉల్కలకున్నంత హడావిడి ఉండదు. కానీ వీటిలో గులకరాళ్ళంత, అంతకంటే పెద్ద ముక్కలు కూడా ఉంటాయి, వేగం సెకనుకి 30 కిలోమీటర్లలోపే. అందుకే తక్కువగా వచ్చినా, వచ్చినప్పుడు పెద్దగా, నింపాదిగా, రంగులతో వస్తాయి. అవి వెలువడినట్టు కనిపించే చోటు కృత్తికల దగ్గర, మన ఊళ్ళల్లో పిల్లలకోడి అనే ఆ చుక్కల గుంపు చుట్టుపక్కల. కార్తీకంలో రాత్రి తొమ్మిదిన్నరకి అవి తూర్పున ఆకాశంలో సగం ఎత్తులో ఉంటాయి. మీ వెలుగు దారిని వెనక్కి గీస్తే అది కృత్తికల పక్కకి వెళ్తుందా లేదా అన్నదే ఇప్పుడు తేలాలి. వెళ్తే టారిడ్ అని గట్టిగా చెప్పొచ్చు. వెళ్ళకపోతే ఏ గుంపుకీ చెందని ఒంటరి ఉల్క అవుతుంది. దాని విలువేం తగ్గదు.

ఇప్పుడు దూరం సంగతి. మీరు పెట్టిన ఫోటోలో, వెలుగు ఆరిపోయిన చోటుని లైటు స్తంభం తలకి కాస్త పైన గుర్తు పెట్టారు. స్తంభం పాతిక అడుగులు ఉంటుందనీ, మీరు దానికి అరవై అడుగుల దూరంలో నిలబడ్డారనీ రాశారు. మీ కంటి ఎత్తు ఐదడుగులు తీసేస్తే ఇరవై మిగిలింది. అరవైకి ఇరవై అంటే 18 డిగ్రీలు. గుర్తు ఇంకాస్త పైన ఉంది కాబట్టి 20 అనుకుందాం. పది కిలోమీటర్ల దూరంలో 20 డిగ్రీల ఎత్తు అంటే నీళ్ళకి మూడున్నర కిలోమీటర్ల పైన మాత్రమే. విమానాలు పది కిలోమీటర్ల ఎత్తున ఎగురుతాయి. ఉల్క అంత కిందికి వెలుగుతూ రాదు. మామూలుగా 100 కిలోమీటర్ల ఎత్తున వెలగడం మొదలవుతుంది. టారిడ్ లాంటి పెళుసు రాయి 60 కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది. 60 కిలోమీటర్ల ఎత్తున్నది 20 డిగ్రీల దగ్గర కనబడాలంటే మీకు సుమారు 160 కిలోమీటర్ల దూరాన, నడి బంగాళాఖాతం వైపు ఉండాలి. ఆ నాలుగైదు సెకన్లలో అది వంద కిలోమీటర్ల పైనే ప్రయాణం చేసి ఉంటుంది.

ఇది నమ్మడం కష్టమని నాకు తెలుసు. చూసిన ప్రతివాళ్ళూ "ఇదిగో, ఆ కొండ వెనకే పడింది" అనే అంటారు. భీమిలిలో చూసినవాళ్ళు ఎదురుగా సముద్రంలో అంటారు, గాజువాకలో చూసినవాళ్ళు యారాడ కొండ వెనక అంటారు, అందరూ ఒట్టేసి చెప్తారు. చీకట్లో ఒంటరిగా ఉన్న వెలుగు ఎంత పెద్దదో, ఎంత దూరమో కంటికి తెలిసే దారి లేదు. ఎక్కువ వెలుగుంటే దగ్గరనుకుంటాం. దిశ విషయంలో మన కన్ను బాగా పనిచేస్తుంది, దూరం విషయంలో అసలు పనిచేయదు. అందుకే నేను ఎవరినీ ఎక్కడ పడింది అని అడగను, ఏ వైపు, ఎంత ఎత్తులో ఆరింది అనే అడుగుతాను.

చప్పుడు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. పై గాలిలో చల్లదనం వల్ల ధ్వని సగటున సెకనుకి 300 మీటర్లకి కాస్త అటూ ఇటూగా నడుస్తుంది. మూడు నిమిషాల్లో చేరిందంటే 55 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినట్టు. 20 డిగ్రీల దగ్గర అంత దూరమంటే ఎత్తు 19 కిలోమీటర్లు. ఉల్క 19 కిలోమీటర్ల దాకా వెలుగుతూ దిగితే అది చిన్న విషయం కాదు. భీమిలి నుంచి పూడిమడక దాకా కిటికీలు దడదడలాడేవి, ఊరు ఊరంతా రోడ్డెక్కేది. మీరిద్దరు తప్ప ఎవరూ విన్నట్టు లేదు. 160 కిలోమీటర్ల నుంచి అయితే చప్పుడు రావడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది, అదీ వినబడేంత బలంతో చేరదు. పోర్టు, యార్డులు, క్వారీలు ఉన్న ఊళ్ళో రాత్రి పూట ధభ్‌మనడానికి కారణాలు చాలా ఉంటాయి. ఆ క్షణంలో మీ చెవులు దేనికోసమో కాచుకుని ఉన్నాయి కాబట్టి అది వినబడింది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఎప్పుడైనా పగటి వెలుగుని మించిన మెరుపు కనబడితే, వెంటనే కిటికీ అద్దాలకి దూరంగా జరగండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి 30 కిలోమీటర్ల ఎత్తున పేలింది. మెరుపు చూసి ఏమిటా అని జనం కిటికీల దగ్గరికి వచ్చారు. రెండు నిమిషాలు దాటాక ఒత్తిడి అల వచ్చి అద్దాలు పగిలాయి. గాయపడిన దాదాపు 1500 మందిలో ఎక్కువమందికి ఆ గాజు ముక్కలే తగిలాయి. ధ్వని ఆలస్యంగా వస్తుందన్న ఒక్క విషయం తెలిసుంటే ఎంతమందో తప్పించుకునేవారు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. అదే చోటుకి, రాత్రి పూటే, మీ తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళండి. వెళ్ళేముందు ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవద్దు. ఒకరి జ్ఞాపకం ఇంకొకరి దాంట్లో కలిసిపోతే రెండూ పాడవుతాయి. మీరు నిలబడిన చోట నిలబడి, అది మొదట కనిపించిన దిక్కునీ ఆరిపోయిన దిక్కునీ చేత్తో చూపించి, ఫోన్‌లో కంపాస్ అంకె చూసి రాసుకోండి. ఫోన్‌ని ముందు గాలిలో ఎనిమిది ఆకారంలో తిప్పండి. బండికీ ఇనప స్తంభానికీ నాలుగడుగులు దూరంగా ఉండండి, లేకపోతే ముల్లు పక్కకి లాగేస్తుంది. ఐదు డిగ్రీలు తప్పితే 160 కిలోమీటర్ల దగ్గర పద్నాలుగు కిలోమీటర్ల తేడా వస్తుంది మరి. ఎత్తుకి పిడికిలి చాలు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే అది సుమారు 10 డిగ్రీలు. సముద్రం, ఆకాశం కలిసే గీత మీద మొదటి పిడికిలి, దాని మీద రెండోది, అలా ఎన్ని పట్టాయో లెక్కపెట్టండి. ఋషికొండలో సముద్రపు గీత అడ్డం లేకుండా కనబడటం మీ అదృష్టం. నగరం మధ్యలో మేడల మీంచి చూసినవాళ్ళకి ఆ సౌకర్యం ఉండదు.

ఎన్ని సెకన్లన్నది మనం ఎప్పుడూ ఎక్కువ చేసి చెప్తాం. దానికో ఉపాయం ఉంది. "ఒరేయ్ అటు చూడు, అటు చూడు, అమ్మో" అని మీ తమ్ముడు అరిచాడని రాశారు కదా. అదే మాటలు, అదే కంగారుతో మళ్ళీ అనమని స్టాప్‌వాచ్ పెట్టండి. మాట మొదలైనప్పుడు వెలుగు ఎక్కడుంది, మాట ఆగినప్పుడు ఎక్కడుంది అన్నది గుర్తు చేసుకుంటే అసలు వ్యవధి బయటపడుతుంది.

తర్వాత కెమెరాలు. బీచ్ రోడ్డు రిసార్టుల్లోనూ, మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లలోనూ తూర్పుకి తిరిగిన సీసీటీవీలు బోలెడు. చాలాచోట్ల వారం పదిహేను రోజులకి పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది. అందుకే తొందర అంటున్నాను. ఆకాశం ఫ్రేములో లేకపోయినా ఫర్వాలేదు. గోడ మీద జరిగే నీడ కూడా దిశ చెప్తుంది. ఫుటేజీ దొరికితే ఆ డబ్బా చూపించే టైముకీ మీ ఫోన్ టైముకీ తేడా ఎంతో అక్కడే రాసుకోండి, అవి నిమిషాల తేడాతో నడుస్తుంటాయి. కార్లలో డ్యాష్‌క్యామ్ ఉన్న స్నేహితుల్నీ అడగండి. ఫిషింగ్ హార్బర్‌లోనూ, పెద జాలరిపేటలోనూ అడగండి. ఆ రాత్రి వేటకి వెళ్ళినవాళ్ళు నలభై యాభై కిలోమీటర్లు లోపలికి వెళ్ళి, దీపాలు లేని ఆకాశం కింద ఉండి ఉంటారు. చుక్కల్ని బట్టి దిక్కు చెప్పగలిగేవాళ్ళు, వాళ్ళ మాట మనలో చాలామంది మాట కంటే నికరం.

ఈ వివరాలన్నీ ఇంటర్నేషనల్ మీటియోర్ ఆర్గనైజేషన్ వెబ్‌సైట్‌లో ఉన్న ఫైర్‌బాల్ రిపోర్ట్ ఫామ్‌లో నింపండి. అమెరికన్ మీటియోర్ సొసైటీతో కలిసి నడుపుతున్నారు. ఎవరైనా రాయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఒకే ఉల్క గురించి వేర్వేరు ఊళ్ళ నుంచి రిపోర్టులు వస్తే వాటిని కలిపి దారి గీస్తారు. ఒక్క చోటి నుంచి చూస్తే దిశ మాత్రమే దొరుకుతుంది. మనకి 110 కిలోమీటర్ల దూరంలో కళింగపట్నం నుంచో, 140 కిలోమీటర్ల దూరంలో కాకినాడ నుంచో ఇంకొకరు చూసి దిశ చెప్తే, ఆ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అదే దాని చోటు. మన దేశం నుంచి వెళ్ళే రిపోర్టులు చాలా తక్కువ. ఇంతమంది జనం ఉండి, తీరమంతా ఊళ్ళుండి, చూసినవాళ్ళు వాట్సాప్‌లో పెట్టి ఊరుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఈ ఊరికి ఆకాశాన్ని కొలిచి రాసుకునే అలవాటు కొత్తది కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు ఇక్కడే సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. డాబాగార్డెన్స్ ప్రాంతంలో ఉండేది. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని కూడా ఇక్కడి నుంచే పరిశీలించారు.

రాయి దొరుకుతుందా అని చివర్లో అడిగారు. దీనిది దొరకదు. మిగిలిందేమైనా ఉన్నా సముద్రం పాలే. కానీ ఈ వార్త పాకాక బీచ్‌లో నల్లరాయి దొరికిందని ఎవరో ఒకరు వస్తారు, కాబట్టి చెప్పి ఉంచుతాను. మన దగ్గర ఉల్కాశకలం అని చూపించే వాటిలో ఎక్కువ భాగం స్లాగు, అంటే ఫర్నేసుల్లో లోహం కరిగించాక మిగిలే వ్యర్థం. లోపల బుడగల గుంతలు ఉంటే అది స్లాగనే అనుకోండి. అసలు ఉల్కాశకలానికి బయట మిల్లీమీటరు మందాన నల్లటి పొర ఉంటుంది, లోపల లేతరంగు, చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది, బుడగలు దాదాపు ఉండవు. భీమిలి ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే నల్లపొడి కూడా ఉల్క ధూళి కాదు, మాగ్నెటైట్, ఇల్మనైట్ లాంటి ఖనిజాలు. అలాగని మన వైపు ఎప్పుడూ పడలేదని కాదు. 1870 జనవరి 23న, అప్పటి విశాఖపట్నం జిల్లాలో, పార్వతీపురం వైపు ఒక ఇనప ఉల్క పడింది. రికార్డుల్లో నెడగొల్ల అనే పేరుతో ఉంది. పడుతుండగా జనం చూసిన ఉల్కల్లో ఇనపవి బాగా అరుదు. నిజంగా అనుమానం కలిగించే రాయి దొరికితే కడగకుండా, పగలగొట్టకుండా, దొరికిన చోటు ఫోటో తీసి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి తెలియజేయాలి. దేశంలో పడిన ఉల్కల్ని భద్రపరిచేది వాళ్ళే.

అమ్మమ్మగారి విషయం. చుక్క రాలితే ఎవరో పోయారని మా ఇంట్లో కూడా పెద్దవాళ్ళు అనేవారు. ఆమెతో వాదించకండి. భూమి మీద ప్రతి రాత్రీ ఇలాంటివి ఎన్నో రాలుతూనే ఉంటాయనీ, చాలావరకు ఎవరూ లేని సముద్రాల మీదే జరుగుతాయనీ, అందులో ఒకటి మీ కంటపడిందనీ చెప్పండి. వీలైతే ఒక రాత్రి ఆమెని మేడ మీదికి తీసుకెళ్ళి కృత్తికల్ని చూపించమనండి. మీకంటే ఆమెకే ముందు దొరుకుతాయని నా నమ్మకం.

మళ్ళీ చూడాలని ఉందన్నారు. ఆగస్టులో పెర్సీడ్లకి మన దగ్గర మబ్బులే అడ్డం. డిసెంబరు 13, 14 రాత్రుల్లో వచ్చే మిథునరాశి ఉల్కలు, జెమినిడ్లు, విశాఖకి బాగా నప్పుతాయి. అప్పటికి ఆకాశం తేటపడుతుంది, మిథునరాశి రాత్రి రెండింటికి దాదాపు నడినెత్తికి వస్తుంది. బీచ్ రోడ్డు దీపాలు వదిలేసి భీమిలి దాటి వెళ్ళండి. ఫోన్ తీయకుండా అరగంట కూర్చుంటే కన్ను చీకటికి అలవాటు పడుతుంది.

ముందు మాత్రం ఈ వారంలో ఆ కొలతలు తీయండి. మొదలైన దిక్కు, ఎత్తు, ఆరిన దిక్కు, ఎత్తు, ఎన్ని సెకన్లు, ఇద్దరివీ విడివిడిగా ఈ సమాధానం కిందే రాయండి. శ్రీకాకుళం, విజయనగరం, తుని, కాకినాడ వైపు ఆ రాత్రి 9.40కి ఎవరైనా చూసి ఉంటే మీరూ మీ ఊరి పేరుతో సహా ఇవే వివరాలు రాయండి. కనీసం రెండు ఊళ్ళవి వస్తే మ్యాపు మీద దారి గీసి ఇక్కడే పెడతాను.